సరిహద్దు రాయి జరిగింది

"ముందు సీట్లో కూర్చున్నాడా, వెనక కూర్చున్నాడా?"

ఇన్‌స్పెక్టర్ నిర్మల ఆ ప్రశ్న రెండోసారి అడిగింది. మొదటిసారి ప్రేమ్‌కుమార్ చెవికెక్కలేదు. పులిగొంది స్టేషన్‌లో కూర్చోబెట్టిన దగ్గర్నుంచీ అందరూ అతన్ని ఎందుకు తోశావని మాత్రమే అడుగుతున్నారు. జీపులో సీటు గురించి అడిగినవాళ్ళు లేరు.

"యెనక కూకున్నారమ్మా."

"ఎప్పుడూ వెనకే కూర్చుంటాడా?"

డ్రైవరు తలెత్తి చూశాడు. ముప్పై దాటని మనిషి. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. నిర్మలకు అద్దంలో ఈమధ్య తన కళ్ళు కూడా అలాగే కనిపిస్తున్నాయి. రాత్రంతా గెస్ట్‌హౌస్ రేకుల మీద చినుకుల చప్పుడు వింటూ పడుకుంది. కుడి మోకాలు పట్టేసింది. ఈ ఏడాది ఇలాంటి విచారణలు ఎన్ని చేసిందో గుర్తులేదు. ప్రతి దాంట్లోనూ ఒక కొండ రోడ్డు, ఒక శవం, తొందరగా ఫైలు మూసేద్దామనే ఆఫీసరు ఒకడు.

"నేదమ్మా. ముందే కూకుంటారు. బాబు నోరూరుకోదు. ప్రెతి మలుపుకీ ఒక కత సెప్తారు. ఇదిగో ప్రేమూ, ఈ ఊట కాడ బంజారీలు ఎద్దుల్ని ఆపీవోరు, ఉప్పు బస్తాలు ఏసుకుని జయపురం రాజు దేశానికి ఎక్కీవోరు, దిగినప్పుడు ధాన్నెం, పసుపు తెచ్చీవోరు అని. రెండు దేశాల మద్దిన రోడ్డురా ఇది, రాజులు తిరిగిన దారిలో జీపు తోల్తన్నావు నువ్వు, అనీవోరు." ప్రేమ్‌కుమార్ వేలితో బల్ల మీద ఒక గీత గీశాడు. "మా తాత కాలంలో ఒక పొద్దు లేచి సూస్తే కొండమీద రాయి పాతేసారంట. ఈ పక్క మద్రాసు, ఆ పక్క ఒరిస్సా. మా మేనత్తోలు ఆ పక్కన ఉండిపోనారు. అది కూడా ఆ బాబు సెప్తేనే నాకు తెల్సింది."

చనిపోయిన రవిబాబు పార్వతీపురంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరు. ఏడాదిగా గణపతిరావు నడిపే గెస్ట్‌హౌస్‌లో మకాం పెట్టి, ఈ పులిగొంది ఘాట్ రోడ్డును పట్టుకుని తిరుగుతున్నాడు. ఎక్కడ పాత దారి, ఎక్కడ కొత్త దారి, ఎక్కడ రాజుల కాలం నాటి రాతికట్టు అని నడిచి వెతికేవాడు. గెస్ట్‌హౌస్‌లో దిగిన టూరిస్టులను వెంటబెట్టుకుని వెళ్ళి చూపించేవాడు. పోయిన సోమవారం ఉదయం ప్రేమ్‌కుమార్ జీపులో కొండెక్కాడు. అదే రోజు మధ్యాహ్నం తుపాను వాన పట్టుకుంది. రెండు రోజుల తర్వాత కట్టెలకు వెళ్ళిన ఆడవాళ్ళకు వ్యూ పాయింట్ కింద, లోయలో చరియ మీద శవం కనిపించింది. అంతసేపు వానలో నానిన శరీరం ఏ వేళ ప్రాణం విడిచిందో డాక్టరు చెప్పలేకపోయాడు.

"మరి సోమవారం ఏ కథ చెప్పాడు?"

"ఏటీ సెప్పనేదు."

"దారి పొడుగునా?"

"ఒక్క ముక్క నేదమ్మా. గెస్ట్‌హౌస్ గేటు కాడ నిలబడున్నారు. నీలం రెయిన్‌కోటు, టోపీ, మూతికి మాస్కు. బాబుకి జలుబేమో అనుకున్నాను. పైకని సెయ్యి సూపించారు, ఎక్కించాను. కొండమీన దిగి, నువ్వెల్లిపో అన్నట్టు మల్లీ సెయ్యూపారు."

"మంచు పట్టిందా?"

"బాగా పట్టింది. నా బండి బోనెట్టు నాకే అవుపడ్నేదు. దిగిన మనిసి నాలుగడుగులేసి మాయమైపోనారు."

నిర్మల తన ఫోన్ తెరిచి, బల్ల మీద అతనికి కనిపించకుండా పెట్టుకుని చూసింది. అదే సోమవారం పొద్దున్నే రవిబాబు నంబరు నుంచి అతని భార్య సుమకు వచ్చిన ఫోటో అది. వ్యూ పాయింట్ పిట్టగోడకు ఆనుకుని రవిబాబు నవ్వుతున్నాడు. వెనకాల ఒడిశా లోయ. పొలాల్లో వలిసె పూలు విరగబూసి పసుపు దుప్పటి కప్పినట్టున్నాయి. దూరంగా కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి తేటగా కనిపిస్తున్నాయి. అందులో మంచు పొర కూడా లేదు.

సుమ పై అధికారుల దగ్గర కూర్చుని పట్టుపట్టింది ఈ ఫోటో గురించే. "ఆయన ఫోటో పంపితే వెనకాలే గొంతు రికార్డు చేసి పంపుతారమ్మా. అది ఫలానా కొండ, ఇది ఫలానా వాగు అని చెప్పకుండా ఉండలేరు. ఆ రోజు గొంతు రాలేదు" అంది. పైవాళ్ళు ఆ మాటకు నవ్వుకున్నా, ప్రాథమిక విచారణ అని పేరు పెట్టి సి.ఐ.డి. నుంచి నిర్మలను పంపారు.

"ప్రేమ్‌కుమార్, సరిగ్గా ఆలోచించి చెప్పు. నీ జీపెక్కిన మనిషి ముఖం చూశావా?"

అతను చెప్పబోయి ఆగిపోయాడు.

"కోటు సూసాను" అన్నాడు చివరికి. "ఆ బాబు కోటే అది. మొకం... నేదమ్మా. మొకం సూడ్నేదు." గొంతు తగ్గించి అడిగాడు. "ఆ బాబు కాదా అయితే? మరి నాను ఎవుర్ని తీసుకెల్లాను?"

నిర్మల ఫోన్ మూసేసింది. అతను చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు.

"నన్నింటికి పంపించీరా అమ్మా. కాఫీ పల్లు పండిపోయి రాలిపోతన్నాయి. మాయమ్మ ఒక్కర్తీ ఏరలేదు."

"పంపిస్తాను. ఇంకొక్క రోజు ఓపిక పట్టు."

ఆ మాట అంటుంటే తనకే నమ్మకం చాలలేదు. ఇలాంటి మాటలు ఎంతమందికి చెప్పిందో, అందులో ఎన్ని నిలబెట్టుకుందో లెక్కేస్తే నిద్ర పట్టదు.

తలుపు తోసుకుని సి.ఐ. దేవీప్రసాద్ లోపలికి వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని యూనిఫాం, చేతిలో టీ గ్లాసు. ఇద్దరూ ఒకే ఏడాది ట్రైనింగైనవాళ్ళు. ఆ చనువు అతని మాటలో వెటకారంగా దిగింది.

"అయిపోయిందా నిర్మల గారూ? అయితే ఒక శుభవార్త. మనిద్దరం ఇంటికెళ్ళిపోవచ్చు."

"ఎందుకని?"

"కేసు మనది కాదు కాబట్టి. పిట్టగోడ ఉన్నది ఒడిశాలో. మొన్న శవం తీసినప్పుడు నేనే చూశాను. సరిహద్దు రాయి ఇవతల ఉంది, గోడ అవతల ఉంది. ఆయన పడింది వాళ్ళ నేల మీద. మంచులో కాలు జారాడో, వీడు తోశాడో, కుసుమగూడ ఠాణావాళ్ళు తేల్చుకుంటారు."

"ఏడాదిగా ఆ వ్యూ పాయింట్ దగ్గర ట్రాఫిక్ చూసింది మీ స్టేషనే కదా."

"చూస్తే? వాళ్ళ రోడ్డు మీద మనం సాయం చేశాం. అంతే."

నిర్మల లేచి నిలబడింది. మోకాలు కలుక్కుమంది. "ఒకసారి పైకి వెళ్దాం రండి. ఈ కుర్రాణ్ణి మాత్రం ఎక్కడికీ కదిలించొద్దు. నాకింకా పని ఉంది."

దేవీప్రసాద్ టీ గుటకేసి "ఆఁ" అన్నాడు. బయట హెడ్ కానిస్టేబుల్ గాసితో ఏదో చెప్పి, జీపు ఎక్కాడు.

కొండమీదకు చేరేసరికి తూర్పు వైపు కొండ భుజం దాటి ఎండ రోడ్డు మీద పడింది. ముంచింగిపుట్టు సంతకు వెళ్ళే ఆటో ఒకటి మూలుగుతూ దాటిపోయింది. ఆ తర్వాత రోడ్డు ఖాళీ. నిర్మల పిట్టగోడ దగ్గరకు నడిచింది. కింద లోయంతా వలిసె పూల పసుపు. దాన్ని చూసి మెచ్చుకునే ఓపిక ఆమెలో లేదు. గోడను చూసింది, నేలను చూసింది, గోడ మీదుగా అవతలకు వంగి చూసింది. నిలువు దిగుడు. అడుగున పొదల మధ్య చరియ. శవం దొరికిన చోట ఎవరో కట్టిన ఎర్ర గుడ్డ ఇంకా వేలాడుతోంది.

ఆమె ఫోటో తెరిచి, అది తీసినవాడు నిలబడ్డ చోటు వెతుక్కుని, రోడ్డుకు ఇవతలి అంచున నిలబడింది.

"దేవీప్రసాద్ గారూ, వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడండి. నా వైపు తిరిగి."

"ఫోటో తీస్తారా? మా ఆవిడకు పంపండి."

అతను నవ్వుతూనే వెళ్ళి నిలబడ్డాడు. ఎండ నిర్మల వీపు మీద పడుతోంది, అతని ముఖం మీద పడుతోంది. అతను కళ్ళు చికిలించాడు.

"మీ నీడ ఎటు పడింది?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. "గోడ మీద. తల నీడ లోయలోకి పోయింది. అయితే?"

నిర్మల దగ్గరకు వచ్చి ఫోన్ చేతికిచ్చింది. అతను తేలిగ్గా చూసి, మళ్ళీ చూసి, ఈసారి ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు. ఫోటోలో రవిబాబు నీడ గోడ వైపు లేదు. అతని పాదాల దగ్గర మొదలై, సన్నగా పొడుగ్గా సాగి, రోడ్డు మీదకు, ఫోటో తీసినవాడి కాళ్ళ వైపు వచ్చింది.

"పొద్దున ఈ చోట ఎండే ఉండదు" అంది నిర్మల. "తూర్పు కొండ అడ్డం. ఎండ వచ్చాక నీడ లోయలోకి పోవాలి. రోడ్డు మీదకు రావాలంటే సూర్యుడు ఆయన వెనకాల, ఒడిశా వైపు ఉండాలి. ఇది సాయంత్రం ఫోటో. పంపింది సోమవారం పొద్దున, అంతకుముందు రోజులదైతే ఆయన అప్పుడే పంపేసేవాడు. కాబట్టి ఆదివారం సాయంత్రం తీసింది."

"ఆదివారం తీసుకుని, సోమవారం పంపాడేమో. నెట్‌వర్క్ లేక."

"అదీ కావచ్చు. కానీ సోమవారం జీపెక్కిన మనిషి నోరు విప్పలేదు, ముఖం చూపించలేదు, అలవాటైన సీట్లో కూర్చోలేదు. భార్యకు ఫోటో పంపి గొంతు పంపలేదు. రవిబాబు ఆదివారం సాయంత్రమే పోయాడండీ. ఆయన కోటు వేసుకుని మర్నాడు ఇంకెవరో కొండెక్కారు. ఆయన సోమవారం దాకా బతికున్నాడని చెప్పడానికి ఒక సాక్షి కావాలి. ఆ సాక్షి ప్రేమ్‌కుమార్."

దేవీప్రసాద్ ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. "ఊహలు" అన్నాడు గానీ, మాటలో పట్టు లేదు. "సరే, ఒప్పుకుందాం. ఆ ఊహలన్నీ వెళ్ళి ఒడిశావాళ్ళకు చెప్పండి. రాయి ఎక్కడుందో కళ్ళారా చూస్తున్నారుగా."

రాయి గోడకు ఇవతలి చివర, రోడ్డు పక్కన నిలబడి ఉంది. నడుమెత్తు నల్లరాయి. ఒక ముఖాన మద్రాసు అని, రెండో ముఖాన ఒరిస్సా అని అరిగిన ఇంగ్లీషు అక్షరాలు. నిర్మల దాని పక్కన చతికిలబడింది. ఇక ఎలా లేవాలో తర్వాత చూసుకోవచ్చనుకుంది. రాయి మొదట్లో గడ్డి లేదు. మట్టి గుల్లగా ఉంది, వేలు పెడితే దిగింది. రాతి మీద పాత మట్టి చార ఒకటి నేలకు జానెడు పైన అడ్డంగా సాగింది. ఎన్నో ఏళ్ళు అంతలోతున పాతుకుపోయి ఉన్న రాయి అది. ఇప్పుడు పైపైన గుచ్చి నిలబెట్టారు.

"ఇంకోసారి ఫోటో చూడండి" అంది. "ఆయన ఎడమ చెయ్యి దేని మీద వేశాడు?"

రవిబాబు ఎడమ చెయ్యి పాత స్నేహితుడి భుజం మీద వేసినట్టు ఒక నల్లరాయి మీద ఉంది. ఆ రాయి గోడకు అవతలి చివర, లోయ వైపు మలుపు తిరిగే దగ్గర ఉంది. ఇద్దరూ అక్కడికి నడిచారు. పచ్చగడ్డి మధ్య చిన్న గుంట. దాన్ని పూడ్చి పైన గులకరాళ్ళు పరిచారు. తుపాను వానకు మట్టి కుంగి గుంట అంచులు బయటపడ్డాయి.

దేవీప్రసాద్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆదివారం సాయంత్రం దాకా ఈ గోడ ఆంధ్రాలో ఉంది" అంది నిర్మల. "మీరు శవం తీసే వేళకు ఒడిశాలోకి పోయింది. ఈ రాయిని లేపడం ఒక్కడి వల్ల కాదు. నలుగురైదుగురు పట్టాలి."

"ఎందుకు? ఒక ముసలి మేష్టారి కోసం సరిహద్దు రాయి పీకుతారా ఎవరైనా?"

నిర్మల గోడ చివర నుంచి కిందికి చూపించింది. ఎర్ర గుడ్డ వేలాడుతున్న చరియ ఉత్త చరియ కాదు. మనసు పెట్టి చూస్తే రెండు వైపులా పేర్చిన రాతికట్టు తెలుస్తోంది. బండి పట్టేంత వెడల్పున, కొండ నడుముకు మొలతాడులా చుట్టుకుని, పొదల్లోకి పోయి మళ్ళీ తేలుతోంది.

"అదే పాత దారి. ఉప్పు ఎద్దులు ఎక్కిన దారి. కొత్త రోడ్డు పడ్డాక అందరూ మరిచిపోయారు. రవిబాబు వెతికి పట్టుకుని, టూరిస్టులకు చూపిద్దామనుకున్నాడు. ఆ పొదలు చూడండి."

పులికంప పొదలు దారి పొడుగునా నరికి ఉన్నాయి. నరికిన మొదళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి. వాన వెలిశాక పడ్డ టైర్ల జాడ రెండు గీతలుగా తడి మట్టిలో మెరుస్తోంది. ఒక కొమ్మకు గోనె పీచు చిక్కుకుని ఉంది.

"గంజాయి" అన్నాడు దేవీప్రసాద్. ఆ మాట అతని నోట్లోంచి తనంతట తానే వచ్చింది. "చెక్‌పోస్టు తగలకుండా... మా స్టేషన్ వెనక తొలి మలుపు దగ్గర్నుంచి ఒడిశా దాకా..."

"మనం తవ్వుకోని దారి వాళ్ళు తవ్వుకున్నారు. మేష్టారు ఆదివారం ఇక్కడికి ఎవరో తెలిసినవాడితోనే వచ్చాడు. ఫోటో చూడండి, ఎంత తృప్తిగా నవ్వుతున్నాడో. దారి దొరికిందని ఆ మనిషికే మొదట చెప్పి ఉంటాడు."

గాలి వీచింది. నిర్మలకు ఒక్కసారి కూర్చోవాలనిపించింది. గోడ మీద కూర్చుంది. ఆ ముసలాయన ఏడాది పాటు ఎవరికీ అక్కరలేని రోడ్డుకు కథలు పోగేశాడు. వినేవాడు దొరికాడనుకున్నాడు. అంతకంటే ఆయన చేసిన నేరమేమీ లేదు.

"కానీ రాయి ఎందుకు జరపడం?" దేవీప్రసాద్ మళ్ళీ అదే పట్టుకున్నాడు. "చంపినవాళ్ళు పారిపోవాలిగా. రాయితో వాళ్ళకేం పని?"

"రాయి జరిగితే కేసు జరుగుతుంది. కేసు ఒడిశాకు జరిగితే..." నిర్మల మాట మధ్యలో ఆగింది. తను చెప్పబోయేది తనకే అప్పుడు వినిపించింది. "ప్రేమ్‌కుమార్ జరుగుతాడు. కోటు వేసుకున్నది రవిబాబు కాదని చెప్పగలిగిన మనిషి అతనొక్కడే. అతన్ని మీ స్టేషన్ గడప దాటించాలి వాళ్ళకు."

దేవీప్రసాద్ చెయ్యి జేబులోని ఫోన్ మీదకు పోయింది.

"ఏమైంది?"

అతను కింద స్టేషన్ ఉన్న వైపు చూశాడు.

"దేవీప్రసాద్ గారూ, ఏం చేశారు?"

"పొద్దున కుసుమగూడ నుంచి ఫోనొచ్చింది. ఎస్.ఐ.నని చెప్పాడు. డ్రైవర్ని విచారణకు తీసుకెళ్తాం, జీపు పంపుతున్నాం అన్నాడు. బయల్దేరేముందు గాసికి చెప్పాను, వాళ్ళొస్తే కాగితం తీసుకుని అప్పగించెయ్యమని."

"నేను కదిలించొద్దన్నాను."

"కేసు మనది కాదనుకున్నాను కదండీ!"

"ఫోన్ చెయ్యండి. ముందు గాసికి."

గోడ దగ్గర మాత్రమే సిగ్నల్ అందుతోంది. దేవీప్రసాద్ నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు.

"సార్, ఇప్పుడే అప్పగించీసాను" అంది గాసి గొంతు. "తెల్ల బొలెరో. ముందర పోలీస్ అని ఒడియాలో బోర్డుంది. ముగ్గురొచ్చారు. ఆ గుంటడు రానని ఏడ్సాడు సార్. ఒడిశా వొద్దు, ఆ అమ్మ వచ్చేదాకా ఉంటానని నా కాలట్టుకున్నాడు. నేనే సర్దిసెప్పి ఎక్కించాను. ఏటైనా తప్పయిందా సార్?"

దేవీప్రసాద్ కట్ చేసి కుసుమగూడకు కలిపాడు. అవతలి ఆఫీసరు హిందీలో నిదానంగా, ఆశ్చర్యంగా మాట్లాడాడు. తాము ఎవరికీ ఫోన్ చెయ్యలేదు, జీపు పంపలేదు. అసలు ఈ కేసు గురించి తమకు కబురే రాలేదు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. దేవీప్రసాద్ రోడ్డు మీదకు పరిగెత్తి, కింద మలుపుల వైపు చూస్తూ నిలబడ్డాడు. స్టేషన్ నుంచి ఒడిశాకు వెళ్ళే బండి ఏదైనా ఈ కొండ మీదుగానే రావాలి. జీపును రోడ్డుకు అడ్డంగా పెట్టాడు. పిస్టల్ తీశాడు.

"ఇక్కడే పట్టుకుంటాం" అన్నాడు. "ఇంకో దారి లేదు వాళ్ళకు."

అని, తన మాట తనే విని, మెల్లగా నిర్మల వైపు తిరిగాడు.

ఆమె అప్పటికే గోడ మీదుగా వంగి వింటోంది. రోడ్డు మీద ఏ బండీ లేదు. కొండ నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలోంచి సన్నగా, ఫస్ట్ గేరులో ఎగదోసుకుంటూ వస్తున్న ఇంజను చప్పుడు తేలింది. అది రోడ్డు మీంచి రావడం లేదు. వాళ్ళ కాళ్ళ కింద నుంచి, పొదల్లోంచి వస్తోంది. అరవై, డెబ్బై ఏళ్ళుగా ఊరు మరిచిపోయిన రాతికట్టు మీదుగా తెల్లటి బొలెరో పైకప్పు ఒకసారి మెరిసి, మళ్ళీ కొమ్మల్లో మునిగింది.

"దిగే దారి ఎక్కడుంది?" అంది నిర్మల.

"లేదు. శవాన్ని తాళ్ళతో లాగాం. మేడం, మీ మోకాలు..."

"మీ జీపులో ఆ తాడు ఉందా, లేదా?"

అతను తాడు తెచ్చేలోపు ఆమె చెప్పులు విడిచింది. చీర కొంగు నడుముకు బిగించి, నొప్పి కాలిని ముందుగా గోడ అవతలికి వేసింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆమె ఎవరి కోసమూ ఇంత తొందరపడలేదు. పైనుంచి చూస్తే బొలెరో ఒక్కో బండరాయినీ తప్పించుకుంటూ పాకుతోంది. ఎర్ర గుడ్డ కట్టిన చోటికి వచ్చింది.

అక్కడ ఇంజను ఆగిపోయింది.

ఒక తలుపు తెరుచుకున్న చప్పుడు, తర్వాత ఇంకొకటి. ఆ వెంటనే ప్రేమ్‌కుమార్ గొంతు కొండకు కొట్టుకుని పైకి వచ్చింది. అతను భయంతో అరవడం లేదు. అక్కడ ముందే కాచుకుని ఎదురొచ్చిన మనిషిని గుర్తుపట్టి, నమ్మలేక అడుగుతున్నాడు.

"గెస్ట్‌హౌస్ బాబూ... ఆ కోటులో మీరేనా?"

రాత్రి తనకు వేడినీళ్ళు పంపి, మోకాలికి తైలం ఇచ్చి, కేసు ఎంతవరకు వచ్చిందమ్మా అని ఆప్యాయంగా అడిగిన గెస్ట్‌హౌస్ గణపతిరావు ముఖం నిర్మల కళ్ళ ముందు మెదిలింది. డ్రైవరు దగ్గర ఇంకా తెలుసుకోవలసింది ఉందని అతనికి చెప్పింది తనే. ఆమె తాడు అందుకుని లోయలోకి జారింది.